ఛాయాచిత్రము - ప్రజల సాక్ష్యము

మన గ్రంథాలయమున అడుగిడిన వారికి మొదట కనబడునవి గోడమీది ఛాయాచిత్రములు. ప్రారంభోత్సవము నాటి చిత్రము, వార్షికోత్సవముల చిత్రములు, పూలదండలతో కూర్చున్న అతిథులు, వెనుక వరుసలో నిలిచిన కార్యకర్తలు. అందు కొందరు నేడు మన మధ్య లేరు. వారి ముఖములను చూచినపుడు మనస్సు ఆర్ద్రమగుచున్నది. ఈ రజతోత్సవ సంచికకు ఏదేని చారిత్రక విషయమును గూర్చి వ్రాయుడని కార్యవర్గము వారు కోరిన పిమ్మట, ఒకనాటి సాయంకాలము ఆ చిత్రములను వరుసగా చూచుచుండగా నాకొక ఆలోచన కలిగినది. ఈ యిరువదియైదు సంవత్సరములలో మన చెరువు ఎట్లుండెనో తెలుపు చిత్ర మొక్కటియు ఆ గోడపై లేదు. మురుగుకాలువ చిత్రము లేదు. వేసవిలో కుళాయి చెంత బారులు తీరిన బిందెల చిత్రము లేదు. మన ఉత్సవములకు చిత్రములున్నవి. మన యిబ్బందులకు లేవు.

నిత్యము మన కంటికి కనబడుదానికి చిత్రమెందులకు, ముంజేతి కంకణమునకు అద్దమేల యని కొందరనవచ్చును. నిజమే. కంకణము మన ముంజేతిది గనుక మనకు అద్దమక్కరలేదు. కాని దానిని చూడవలసిన వాడు దూరమున పట్టణములో నున్నపుడు, చూచియు చూడనట్లు నటించునపుడు, అద్దము అవసరమే యగును. ఆ యద్దమును ప్రజల కష్టములవైపు త్రిప్పిన వారి చరిత్రను పాఠక మహాశయుల యెదుట ఉంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఆ చరిత్ర మన సీమలోనే, ఒక గొప్ప కరువుతో ఆరంభించుట యుచితము.

ధాత కరువు

1839లో ఫ్రాన్సు దేశమున డాగేరు కనిపెట్టిన ఛాయాచిత్రణ విధానము లోకమునకు వెల్లడియైనది. నలుబది యేండ్లు గడవక మునుపే ఆ పరికరము మన కరువు నేలకు వచ్చినది. 1876లో వానలు లేకపోయెను. ధాత నామ సంవత్సరమగుటచే ఆ క్షామమునకు ధాత కరువని పేరు నిలిచినది. బళ్లారి, కర్నూలు, కడప మండలములు మలమల మాడినవి. 1877 ఆరంభమున సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి పొదుపు పేరిట కరువు పనుల కూలిని తగ్గించి, దినమెల్ల కష్టించిన మగవానికి ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, కొద్ది చిల్లరయు చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిషు దీనిని గట్టిగా ప్రతిఘటించెను. 1878లో ఆ క్షామము చల్లారునప్పటికి బ్రిటిషు పాలిత ప్రాంతములలోనే మృతులు 50 లక్షలకు పైబడిరని చరిత్రకారుల అంచనా.

ఆ రోజులలో మద్రాసు సైన్యములో విల్లోబీ వాలెసు హూపర్ అను అధికారి యుండెను. అతడు ఛాయాచిత్రణమున దిట్ట. ఎముకలగూడులైన స్త్రీలను, పురుషులను, పిల్లలను వరుసగా కూర్చుండబెట్టియు నిలువబెట్టియు చిత్రములు తీసెను. పెండ్లినాడు కుటుంబమంతయు కూడి చిత్రము తీయించుకొనునట్లే ఆ యభాగ్యులు వరుసలో నున్నారు. ఆ చిత్రములు నేటికిని మిగిలియున్నవి. చూచినవాని గుండె జల్లుమనక మానదు. ఆ కాలమున పత్రికలలో ఛాయాచిత్రమును నేరుగా అచ్చువేయు విధానము వాడుకలోనికి రాలేదు. చిత్రకారుడు దానిని కొయ్యదిమ్మపై చెక్కగా, ఆ చెక్కడమును అచ్చొత్తెడివారు. 1877లో ఇంగ్లండు సచిత్ర పత్రికలలో అట్టి కరువు దృశ్యములు వెలువడినవి. ఆ సంవత్సరమే లండను నగరమున మేయరు సహాయనిధిని తెరచెను.

అయినను ఈ చిత్రములలో ఒక వెలితి కలదు. అందలి మనుష్యులకు పేర్లు లేవు. వారిది ఏ యూరో, ఏ కులవృత్తివారో, కూలి ఎంత తగ్గగా ఆ స్థితికి వచ్చిరో ఒక్క అక్షరమైనను లేదు. చిత్రము తీసి, వారికి పట్టెడన్నమైనను పెట్టకయే పంపివేసెనని హూపరును ఆనాడే విమర్శించిరి. పదేండ్లకు, 1886లో, ఇతడే బర్మాలోని మాండలే నగరమున మరణశిక్ష పొందినవారిని తుపాకులతో కాల్చు క్షణమును చిత్రించబోయి అపకీర్తి పాలయ్యెను. ఆ విషయము బ్రిటిషు పార్లమెంటు వరకు పోయినది, విచారణయు జరిగినది. కష్టమును చూపుట వేరు, కష్టములోనున్న వానికి సాక్షిగా నిలుచుట వేరు అను సత్యమును హూపరు చరిత్ర మనకు మొట్టమొదట బోధించుచున్నది.

త్రాగునీటి రహస్యము

సాక్షిగా నిలిచిన వారిలో మొదట చెప్పదగినవాడు జేకబ్ రీస్. డెన్మార్కు దేశమున 1849లో జన్మించి, 1870లో అమెరికాకు వలసపోయెను. పని దొరకక, తిండి లేక, నిరాశ్రయులకై పోలీసు ఠాణాలలో నుండెడి గదులలో నిద్రించిన రోజులు ఆయనకు కలవు. తరువాత న్యూయార్కు నగరమున పత్రికా విలేఖరియై, ఇరుకు గదులలో పదిమంది, పండ్రెండుమంది చొప్పున క్రిక్కిరిసి బ్రతుకు వలస కూలీల దుస్థితిని గూర్చి వ్రాయుచుండెను. వ్రాత చదివిన వారు అయ్యోయని మరచెడివారు. 1887లో జర్మనీ దేశస్థులు మెగ్నీషియము పొడిని వెలిగించి చీకటిలోనే చిత్రము తీయు విధానమును కనిపెట్టిరన్న వార్త ఆయన కంటబడెను. వెంటనే మిత్రులను వెంటబెట్టుకొని అర్ధరాత్రి ఆ సందులలో ప్రవేశించెను. మొదట పిస్తోలు వంటి సాధనముతో ఆ పొడిని పేల్చెను. జనులు జడిసి పరుగిడగా, వంటయింటి పెనము మీద పొడి పోసి వెలిగించుట కలవరచుకొనెను. ఆ ప్రయత్నములో ఇండ్లకు నిప్పంటించి తన కన్నులకే ముప్పు తెచ్చుకొనిన సందర్భములును ఉన్నవి. 1890లో ఆయన చిత్రములతో కూడిన గ్రంథము వెలువడెను. ఊరూర మాజిక్ లాంతరు సాయమున తెరపై చిత్రములు చూపుచు ఉపన్యసించెను. కొన్నేండ్లకు ఆ మురికివాడలలో మిక్కిలి అపఖ్యాతి పొందిన మల్బరీ వంపు నేలమట్టమై, 1897లో అచట ఉద్యానవనము వెలసినది.

మన గ్రామస్థులకు మరింత ఆసక్తి కలిగించు ఘట్టమొకటి కలదు. 1891లో నగర ఆరోగ్యశాఖ ప్రకటించు వారపు నివేదికలో, త్రాగునీటిలో నైట్రైటుల జాడ యున్నదని ఒక చిన్న వాక్యము రీసునకు కనబడెను. నీటిలో మలినము కలియుచున్నదనుటకు అది సూచన. ఎందరో చదివి విడిచిన ఆ వాక్యమును పట్టుకొని, ఆయన చిత్రణ పేటికను భుజమున వేసికొని క్రోటన్ నది వెంబడి ఎగువకు నడచెను. నగరమునకు నీరిచ్చు వాగులలోనికి పై ఊళ్ల మురుగు తిన్నగా వచ్చి పడుచుండెను. తాను చూచిన ప్రతి తావును చిత్రించెను. అంతటితో ఊరకుండక ఒక వైద్యుని కడకేగి, కలరా సూక్ష్మజీవి పారునీటిలో ఎన్ని దినములు బ్రతుకునని ప్రశ్నించెను. సుమారు ఏడు దినములని సమాధానము వచ్చినది. నదిలో బయలుదేరిన నీరు నగరపు కుళాయి చేరుటకు అంతకన్న తక్కువ కాలమే పట్టునని తేలెను. చిత్రములు, లెక్క, రెండును పత్రికలో ప్రకటితమైనవి. నగరపాలకులు కదలక తప్పలేదు. కోట్ల ధనము వెచ్చించి ఆ వాగుల కిరుప్రక్కల భూమిని కొని కాపాడిరి.

రీసునందు లోపములు లేకపోలేదు. నిద్రించు పేదలను అడుగకయే వెలుగు విరజిమ్మి చిత్రములు తీసెను. ఆయా జాతులవారిని గూర్చి ఆయన వ్రాసిన కొన్ని మాటలు నేడు చదువుటకు కష్టముగనున్నవి. అయినను క్రోటన్ నది వెంట ఆయన నడచిన మార్గమును మనము మరువరాదు. ముందు ఒక సందేహము, పిదప స్వయముగా పోయి చూచుట, చూచినదానికి చిత్రము, చిత్రమునకు తోడుగా శాస్త్రము. ఇవి నాలుగును కూడినందువలననే ఆ నీరు శుభ్రపడినది.

పసివారి ఎత్తు కొలిచిన ఉపాధ్యాయుడు

రీసు తరువాత చెప్పవలసిన మహనీయుడు లూయిస్ హైన్. 1874లో విస్కాన్సిన్ రాష్ట్రమున జన్మించి, న్యూయార్కులో పాఠశాలోపాధ్యాయుడుగా నుండెను. 1900 నాటి జనాభా లెక్కల ప్రకారము అమెరికాలో పది మొదలు పదునైదేండ్ల వయస్సుగల పిల్లలు సుమారు పదిహేడున్నర లక్షలమంది కూలి పనులలో నుండిరి. ఆ దురాచారమును తొలగింప 1904లో జాతీయ బాలకార్మిక సంఘము ఏర్పడెను. 1908లో హైన్ బడి ఉద్యోగము విడిచి ఆ సంఘమునకు చిత్రకారుడై, నూలు మిల్లులు, బొగ్గు గనులు, గాజు కర్మాగారములు, పొలములు తిరిగి, సుమారు 5,000 చిత్రములు తీసెను.

మిల్లు యజమానులు ఆయనను లోనికి రానిచ్చెడివారు కారు. అందుచే ఒకచోట బైబిలు విక్రేతగను, ఒకచోట కార్డులమ్మువానిగను, వేరొకచోట యంత్రములను చిత్రింపవచ్చిన వానిగను లోన ప్రవేశించెడివాడు. తన కోటు గుండీలు నేలనుండి ఎంతెంత ఎత్తున నున్నవో ముందే కొలిచి యుంచుకొనెను. పిల్లవాడు ప్రక్కన నిలువగనే ఏ గుండీ వరకు వచ్చెనో చూచి ఎత్తు తెలిసికొనెడివాడు. చేతిని జేబులోనే యుంచి, ఎవరికంట బడకుండ లోలోపలనే పేరు, వయస్సు, కూలి వ్రాసికొనెడివాడు. 1908 డిసెంబరులో ఉత్తర కెరొలినా రాష్ట్రమున విట్నెల్ అను చోట నూలుమిల్లులో ఒక చిన్నపిల్లను చిత్రించెను. ఆమె ఎత్తు 51 అంగుళములు. ఏడాదిగా అచట పని చేయుచున్నది. దినకూలి 48 సెంట్లు. వయస్సెంతయని యడుగగా ఆ పిల్ల తటపటాయించి జ్ఞాపకము లేదనెను. పిదప రహస్యముగా, తనకు పనిచేయు వయస్సు రాలేదని, అయినను చేయుచున్నానని చెప్పెను. ఆ మిల్లులోని ఏబదిమంది పనివారిలో పదిమంది అంతటి పిల్లలే యని హైన్ వ్రాసి యుంచెను.

హూపరు చిత్రములకును హైన్ చిత్రములకును గల భేదమును ఇచట గమనింపవలెను. హూపరు చూపినది ఆకలి. హైన్ చూపినది ఒక పిల్ల. ఆమె ఎత్తు, ఆమె కూలి, ఆమె నోటి మాట. మిల్లులో పసిపిల్లలు లేరని బొంకుటకు యజమానికి ఇక వీలులేదు. చిత్రమునకు ప్రాణము చిత్రములోనే గాక, దాని క్రింది వ్రాతలోను ఉన్నది.

ఫలితము వెంటనే రాలేదు. 1912లో బాలల సంక్షేమమునకై ప్రభుత్వ శాఖ యేర్పడెను. 1916లో చట్టము వచ్చెను. 1918లో సుప్రీం కోర్టు దానిని కొట్టివేసెను. మరల ఇరువదియేండ్లు పోరాడగా 1938లో నూతన చట్టము వచ్చి, 1941లో కోర్టు దానిని ఆమోదించెను. ఆ తీర్పు చూచుటకు హైన్ లేడు. స్వగృహమును పోగొట్టుకొని, పేదరికముతో 1940లో కన్నుమూసెను. ఒక చిత్రము తీసి మరునాడే ఫలము రాలేదని నిరాశపడువారు ఈ ముప్పదియేండ్ల కథను స్మరింతురు గాక.

పుఱ్ఱె కదిలిన కథ

ఇచట ఒక హెచ్చరికయు అవసరము. 1936లో అమెరికాలో ఘోరమైన అనావృష్టి కలిగెను. రైతుల స్థితిని చిత్రింప ప్రభుత్వము పంపిన యువకులలో ఆర్థర్ రాత్‌స్టీన్ యొకడు. దక్షిణ డకోటాలో బీటలు వారిన నేలపై ఎండిన పశువు పుఱ్ఱె యొకటి ఆయనకు కనబడెను. దానిని కొన్ని యడుగులు జరిపి, వెలుగు నీడలు కుదురునట్లు పలుమారులు చిత్రించెను. ఆ సంగతి బయటపడగనే, ఆ యేడు ఎన్నికలు కూడ ఉండుటచే, ప్రతిపక్ష పత్రికలు అనావృష్టియే అబద్ధమన్నంత రభస చేసినవి. కరువు నిజము, పుఱ్ఱె నిజము, బీటలు నిజము. అయినను పుఱ్ఱెను జరిపినందువలన నిజమునకే మచ్చ వచ్చినది. కష్టమును ఉన్నదానికన్న గోరంత పెంచి చూపినను, ఉన్నదంతయు అపనమ్మకము పాలగును. యంత్రసహాయమున లేని మనిషిని ఉన్నట్లును, ఉన్నవానిని లేనట్లును క్షణములో చూపగల నేటి కాలమున ఈ హెచ్చరిక మరింత విలువైనది.

మాటకు నిషేధము, చిత్రమునకు లేదు

1943లో వంగదేశమున మరల క్షామము వచ్చెను. ధాత కరువు తరువాత ఏర్పడిన విచారణ సంఘపు సిఫారసులచే కరువు నిబంధనావళి అమలులోనికి వచ్చియుండెను. క్షామమని ప్రకటించినచో ప్రభుత్వము సహాయకార్యములు నడుపక తప్పదు. యుద్ధకాలమున ఆ మాట యెత్తుటకే పాలకులు వెనుకాడిరి. క్షామమని ప్రకటింపనే లేదు. వార్తలపై కట్టుబాట్లుండెను. కలకత్తా వీధులలో మాత్రము శవములు పడియుండెను. స్టేట్స్‌మన్ పత్రికా సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ ఆంగ్లేయుడు, ఆ పత్రికయు ఆంగ్లేయులదే. కట్టుబాట్లలో చిత్రముల ప్రసక్తి లేదని గుర్తించి, ఆయన 1943 ఆగస్టు 22న కలకత్తా వీధులలో పడియున్న అన్నార్తుల చిత్రములను ప్రచురించెను. వారము తిరుగకమునుపే మరికొన్ని సిద్ధమై 29న వెలువడినవి. ఢిల్లీలోను విదేశములలోను ఇక ఎవ్వరును ఎరుగమనుటకు వీలు లేకపోయెను. అక్టోబరులో నూతన వైస్రాయి వేవెల్ కలకత్తాకు వచ్చి స్వయముగ చూచి, సైన్యమును సహాయమునకు నియమించెను.

అదే సంవత్సరము సునీల్ జనా అను పాతికేండ్ల యువకుడు, కమ్యూనిస్టు నాయకుడు పి. సి. జోషితోను చిత్రకారుడు చిత్తప్రసాదుతోను వంగ గ్రామసీమలు తిరిగి తీసిన చిత్రములు పీపుల్స్ వార్ పత్రికలో వెలువడి దేశమంతట సంచలనము కలిగించినవి. చిత్తప్రసాదు రేఖాచిత్రములతో వెలువడిన చిన్న పుస్తకపు ప్రతులను ప్రభుత్వము పట్టుకొని తగులబెట్టించెను. ఉట్టి గీతలను చూచి అంత భయమేల? చూచిన వారు మరువలేరు గనుక. అయినను వంగ క్షామమున సుమారు 30 లక్షలమంది మరణించిరి. చిత్రము మేల్కొలుపగలదు, ఆలస్యముగ మేల్కొన్నవానిచే పోయిన ప్రాణములను తెప్పింపలేదు.

మన నీరు, మన చేతి యంత్రము

మన తెలుగు సీమలోనే మరియొక నిదర్శనము కలదు. నీటిలో ఫ్లోరైడు అధికమగుటచే ఎముకలు వంగిపోవు వ్యాధి నెల్లూరు మండలమున నున్నదని 1937లోనే వైద్యులు శాస్త్రపత్రికలో ప్రకటించిరి. కాని శాస్త్రపత్రికను చదువువారెందరు? నల్లగొండ జిల్లాలో అదే వ్యాధితో వంకరలు తిరిగిన కాళ్లతో, వంగిన వెన్నులతో నున్నవారి చిత్రములు పత్రికలలో మరల మరల వెలువడిన తరువాతనే, వారి యూరి నీటి సంగతి దేశమునకు తెలిసినది. శుద్ధజలమునకై జరిగిన దీర్ఘకాల ఆందోళనములో ఆ చిత్రములు ఊరేగింపు ముందు నడచిన పతాకములైనవి.

ఇంతవరకు చెప్పిన కథలలో చిత్రించినవాడు వెలుపలివాడు; చిత్రమునకు నిలిచినవాడు ఊరివాడు. ఈ క్రమమును తలక్రిందులు చేసిన ప్రయత్నము 1990 తరువాతి యేండ్లలో చైనాలోని యున్నన్ రాష్ట్రమున జరిగెను. కెరొలిన్ వాంగ్, మేరీ యాన్ బరిస్ అను విదుషీమణులు 62 మంది పల్లె స్త్రీల చేతికే సులువైన కెమెరాల నిచ్చి, మీ బ్రతుకును మీరే చిత్రింపుడని కోరిరి. అందు చాలమందికి అంతకుముందు కెమెరా ముట్టిన యెరుకయు లేదు. పొలము గట్టున ఒంటరిగ విడిచిన పసిబిడ్డ, నీటి మోపులు, ప్రసవపు కష్టములు ఆ చిత్రములలో కనబడినవి. తామే చిత్రించి, తామే వివరించి, అధికారుల సభలో తామే చూపిరి. పిల్లల సంరక్షణ, మంత్రసానుల శిక్షణ, బాలికల చదువు అను విషయములలో అధికారులు శ్రద్ధ వహించుటకు అది దోహదమైనది. హూపరు వరుసలో నోరులేక కూర్చున్నవారికి నూరేండ్ల పిదప నోరు వచ్చినట్లైనది.

నేడు కెమెరా కొరకు ఎవ్వరును ఎదురుచూడ నక్కరలేదు. మన యూరిలో ప్రతి యింట చేతిఫోను కలదు, ప్రతి ఫోనులోను కెమెరా కలదు. రీసు పెనము మీద పొడి వెలిగించి సాధించినదానిని మన పిల్లలు బొటనవ్రేలితో సాధింపగలరు. లేనిది సాధనము కాదు, క్రమము. తీసిన చిత్రము సాయంకాలమునకే వేయి చిత్రముల క్రింద మరుగున పడిపోవుచున్నది. తేదీ లేదు, తావు లేదు, దాచు చోటు లేదు.

ఆ చోటు గ్రంథాలయమే కావలెనని నా మనవి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దలు బెజవాడలో గ్రంథాలయ మహాసభను సమకూర్చిన నాటినుండి తెలుగు గ్రంథాలయము ఉట్టి పుస్తకముల కొట్టుగా నుండలేదు. ఊరికి విజ్ఞానమును, చైతన్యమును ప్రసాదించినది. ఇకపై మన గ్రంథాలయమున ఒక చిత్రపుస్తకము నుంచుదము. ప్రతి ఋతువునందును చెరువును ఒకే గట్టుమీదనుండి చిత్రించి అందంటింతము. మురుగుకాలువ, బడి కప్పు, రేవు బాట, కుళాయి వరుస, ఇవియు అట్లే. ప్రతి చిత్రము క్రింద తేదీ, తావు, కొలత వ్రాయుదము. మనుష్యులున్న చిత్రమైనచో వారి యనుమతి ముందు, చిత్రము తరువాత. లేని కష్టమును కల్పింపము. ఉన్న పుఱ్ఱెను జరుపము. అర్జీ వ్రాయునపుడు ఆ పుటలను జత చేయుదము. పని జరిగిన నాడు అదే చోట నిలిచి మరల నొక చిత్రము తీసి, కృతజ్ఞతతో ప్రక్క పుటలో నంటింతము.

గోడమీది పూలదండల చిత్రములను తీసివేయుడని నేననుట లేదు. వాని ప్రక్కన కొంత చోటు మిగిలియున్నది. స్వర్ణోత్సవము నాడు ఇచట నిలుచు మన పిల్లలు ఆ చోట మన చెరువును చూతురు గాక. ఎండినదిగ మొదటి చిత్రములో, నిండినదిగ కడపటి చిత్రములో.